పెట్టె తెరవబడు వేళ

పదిహేడు టాబ్లెట్లు, అరవై నాలుగు మంది పిల్లలు.
ఏ వైపు నుంచి భాగించినా శేషం మిగిలే లెక్క.
మంచు ఆగిన రోజున వచ్చిన లారీ
వాటిని దించి, సంతకం తీసుకుని,
నరీన్ దారి పట్టింది.

ఇక మాకో విధానం కావాలట.
ఫిబ్రవరి ముగిసేలోగా,
ముద్ర వేసి, మూడు ప్రతులు.

టీచర్ల గదిలో బొగ్గు పొయ్యి చుట్టూ చేరాం.
నేను కార్యదర్శిని.
చేతిరాత బాగున్నందుకు శిక్ష.
హెడ్‌మిస్ట్రెస్ బురుల్‌కాన్ రాజధానిలోని ఏదో బడి పత్రం తెచ్చి
పేరు మార్చుకుంటే చాలంది.
మొదటి వాక్యమే
"కరెంటు నిరంతరము ఉండునను నమ్మకముతో".
కాపలాదారు తుర్దుబై నవ్వాడు.
నవ్వుతూనే పొయ్యిలో ఇంకో పార బొగ్గు వేశాడు.
ఆ ఒక్క వాక్యం కొట్టేశాను,
వెనకున్న పన్నెండు పేజీలు
పేకమేడలా వాటంతటవే కూలాయి.

ఛార్జింగ్ ఎవరు పెట్టాలి? ఎవరింట్లో?
పగిలితే తప్పెవరిది,
చేతిదా, మంచుదా, గుర్రానిదా?
గుర్రమెక్కి వచ్చే ఐదుగురి సంచుల్లో
ఆ గాజు ఎన్నాళ్ళు బతుకుతుంది?

లెక్కల మాస్టారు కెనెష్‌ది పుల్ల విరిచినట్టు ఒకటే మాట.
"ఫోన్లన్నీ సుద్దముక్కల పెట్టెలో.
ఎనిమిదికి తాళం, రెండింటికి తాళం చెవి."
రాశాను. ఉంచవలెను. తీయరాదు. వసూలు చేయబడును.
వలెను, రాదు, బడును
ఈ మూడు మేకులుంటే
ఏ తలుపునైనా బిగించేయొచ్చు.

పిల్లల తరఫున తొమ్మిదో తరగతి ఐజిరెక్ వచ్చింది.
గంటసేపు టోపీ కుచ్చు మెలిపెడుతూ కూర్చుని
అందరూ టీ తాగుతుండగా అంది:
"సెప్టెంబరు సగం దాకా మేం గొర్రెలతో పై పచ్చికల్లోనే ఉంటాం.
సిగ్నల్ ఒక్క బండరాయి మీదే దొరుకుతుంది.
దానిమీద ఒకరికే చోటు.
ఆ రాయి ఎక్కనక్కర్లేని హోంవర్కు ఇవ్వండి."

రాయిని పత్రంలో ఎలా పెట్టాలో తెలియక
"నెట్ అవసరము లేని అభ్యాసములు" అని రాశాను.
ఐజిరెక్ నా భుజం మీదుగా తొంగి చూసింది,
తన రాయి కోసం.

సంతకాల వేళకి వంటామె జీపార్
గుమ్మంలో చేతులు తుడుచుకుంటూ నిలబడింది.
ఆమెను ఎవరూ పిలవలేదు.
"నాలుగో తరగతి ఎల్చిబెక్ వాళ్ళమ్మ
యెకాతెరిన్‌బుర్గ్‌లో కోట్లు కుడుతుంది.
వాళ్ళ టీ విరామం మనకి పదకొండూ నలభై.
వాడు నా వంటగది తలుపు వెనక నిలబడి
ఈ పూట సూపులో ఏం పడిందో చెబుతాడు.
అంతే. ఇంకేం మాట్లాడరు."

పొయ్యిలో బొగ్గు చిటపటమంది.
బురుల్‌కాన్ నీళ్ళు నమిలింది:
మినహాయింపు అయితే పేరు రాయాలి కదా,
పేరు రాస్తే గోడకి అంటించాలి కదా.

కెనెష్ పొయ్యి వైపే చూస్తూ
"అందరికీ పెట్టేయండి" అన్నాడు.

తొమ్మిదో నియమం:
ప్రతిదినము పదకొండు గంటల నలభై నిమిషములకు
పెట్టె పది నిమిషములు తెరవబడును.

పక్కన "కారణము" అనే గడి ఒకటి ఖాళీగా ఉంది.
ఖాళీగా పంపితే జిల్లా వాళ్ళు తిప్పి పంపుతారు.
కలం ఎత్తి పట్టుకున్నాను.
"లెక్కలు చేసి అలసిన కళ్ళకు విశ్రాంతి"
అని కెనెష్ చెప్పాడు, నేను రాశాను.

మూడు టాబ్లెట్లు ఇప్పటికీ వెలగలేదు.
వాటి గురించి విధానంలో ఏమీ లేదు.
నిన్న తనిఖీకి వచ్చినాయన
తొమ్మిదో నియమం దగ్గర ఆగి, రెండుసార్లు చదివి,
ఇదేం విచిత్రం అన్నట్టు నా వైపు చూశాడు.
గడియారంలో ముప్పై ఎనిమిది.
అవతలి గదిలో భిన్నాల లెక్క సగంలో ఉండగానే
సుద్దముక్క బల్ల మీద పెట్టిన చప్పుడు,
ఆ వెంటనే తాళం చెవుల చప్పుడు.